గుండీలన్నీ కుట్టలేదు

కాలేజీ గేటు ఎదుటి వీధిలో ఆ సంగతి గుప్పుమంది. సాయంత్రం పూట లాజిక్ చెప్పే మేడం క్లాసులో ఈసారి ఎవరూ పాస్ కాలేదట. ఒక్కరంటే ఒక్కరు కూడా. అదే క్లాసులో కూర్చున్న కన్నతండ్రిని, అంటే ఎదురుగా బట్టలు కుట్టుకునే టైలరుని కూడా వదల్లేదట. చెప్పేవాళ్లు ఇక్కడ కాస్త ఆగి, గొంతు తగ్గించి, "తండ్రిని కూడా" అని మరోసారి అనేవాళ్లు.

టైలరు క్లాసులో కూర్చున్న మాట నిజమే. ఆయన కొట్టు మెట్ల కింద గది. లోపల నిలబడితే తల తగులుతుంది కాబట్టి కొలతలు వీధిలోనే తీస్తాడు. కూతురు ఆ కాలేజీలో టెంపరరీగా చేరింది. కంప్యూటర్లు చదవబోయేవాళ్లకి అన్నిటికంటే ముందు చెప్పే తర్కమూ, దానికి కావలసిన లెక్కలూ ఆమె పాఠం. వయసుతో పని లేదు, ఎవరైనా పేరు రాయించుకోవచ్చు.

ఒకరోజు ఇంట్లో ఆమె మాటల్లో మాటగా, "నిజం, అబద్ధం. ఈ రెండు ముక్కల మీదే నడుస్తుంది నాన్నా అంతా. కంప్యూటరు లోపల కూడా అంతే" అంది.

టైలరు పళ్ల మధ్య గుండుసూదులు పట్టుకుని ఉన్నాడు. అవన్నీ ఒక్కొక్కటే తీసి, "ఉన్న రెండు ముక్కలతో అంత పెట్టె ఎలా నడుస్తుందే?" అన్నాడు.

"వచ్చి కూర్చో, చెబుతాను."

ఆమె సరదాకి అంది. ఆయన మర్నాడే వెళ్లి పేరు రాయించుకున్నాడు.

"సూదిలో దారం ఎక్కించమని నన్ను పిలుస్తారు, బోర్డు మీద అక్షరాలు కనిపిస్తాయా మీకు?" అని భార్య దెప్పింది.

"ముందు బెంచీలో కూర్చుంటాలే."

ముందు బెంచీలోనే కూర్చున్నాడు. క్లాసులో కూతుర్ని 'మేడం' అనేవాడు. ఆమె ఆయన్ని 'మీరు' అనేది. ఇంటికొచ్చాక ఆ మన్ననలు గుర్తొచ్చి ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసి నవ్వుకునేవాళ్లు.

విన్నదల్లా ఆయన కత్తెర దగ్గరికి తెచ్చుకునేవాడు. 'లేదా' అంటే రెండిట్లో ఒకటైనా చాలు, రెండూ ఉన్నా మాట నిజమే అని ఒకరోజు పాఠం. మర్నాడు ఒక గుమాస్తా చొక్కా గుడ్డ ఇచ్చి, "జేబు ఎడమవైపు లేదా కుడివైపు పెట్టు" అన్నాడు. టైలరు రెండు వైపులా పెట్టాడు.

"ఇదేంటయ్యా, రెండు జేబులు?"

"తమరు చెప్పిన మాట నిలబడింది కదండీ. ఒకటైనా ఉంది."

"నిన్ను చదివిస్తున్నదెవరు?"

"మా అమ్మాయేనండీ."

గుమాస్తా చొక్కా తొడుక్కుని వెళ్లాడు. తర్వాత రెండు జేబులూ నింపుకుని తిరగడం వీధిలో చాలామందే చూశారు.

ఇంకోరోజు 'వాన పడితే నేల తడుస్తుంది' అనే మాటని తిప్పి చెప్పడం నేర్చుకున్నాడు. నేల తడవలేదంటే వాన పడలేదు. ఆయన అప్పటికప్పుడు కుడుతున్న చొక్కాని లోపలివైపు బయటికి తిరగేసి భార్యకి చూపించాడు. "చూడు, తిరగేసినా కుట్టు అదే." మరి నేల తడిసి ఉంటే వాన పడినట్టేనా అని ఆవిడ అడిగింది. "కాదు. నువ్వు కళ్లాపి చల్లి ఉండొచ్చు" అన్నాడు గర్వంగా.

పరీక్షలో మాత్రం ఏనుగుల దగ్గర దెబ్బతిన్నాడు. 'చంద్రుడు నాలుగు మూలల పలక అయితే ఈ గది నిండా ఏనుగులున్నాయి. ఇది నిజమా, అబద్ధమా?' అని ప్రశ్న. మొదటి సగం ఎలాగూ జరగదు కాబట్టి మొత్తం మాట నిజమేనని పాఠంలో చెప్పారు. టైలరుకి ఆ పాఠం గుర్తుంది. కానీ తల తిప్పి గదంతా చూశాడు. మనసొప్పలేదు. 'అబద్ధం. నేను గదిలోనే ఉన్నాను. ఏనుగులు లేవు' అని రాశాడు. అలాంటివే ఇంకొన్ని ప్రశ్నల్లోనూ లెక్కని పక్కనబెట్టి కళ్లనే నమ్ముకున్నాడు.

పేపర్లు దిద్దింది వేరే కాలేజీ మాస్టారు. ఫలితాలొచ్చిన సాయంత్రం కూతురు కొట్టు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నీది పోయింది నాన్నా."

మిషను ఆగలేదు. ఆయన పాదం ఆడుతూనే ఉంది, సూది కింద గుడ్డ లేకపోయినా.

"అందరూ పాస్ కాలేదులే" అంది ఆమె.

అప్పుడు పాదం ఆగింది. మనసు కాస్త తేలికపడింది.

వారం తిరిగేసరికి వీధిలో మాట గుప్పుమంది. వచ్చే క్లాసుకి పేర్లిచ్చిన పిల్లలు ఒక్కొక్కరే వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టారు. భోజనాల దగ్గర కూతురు పళ్లెంలో వేలితో గీతలు గీస్తూ, "శుక్రవారానికి బెంచీలు నిండకపోతే క్లాసు ఎత్తేస్తారట. క్లాసు లేకపోతే నేనూ ఉండను" అంది.

"ఎవరు పుట్టించారే ఆ మాట?" అని తల్లి మండిపడింది.

ఊడిపోయిన కుట్టు చేతికిస్తే టైలరు ముందు దారం మొదలు వెతుకుతాడు. మర్నాడు ఆ పనే పెట్టుకున్నాడు.

జిరాక్సు కొట్టు అతను, "నేనేం పుట్టించలేదు బాబాయ్. ఇస్త్రీ అక్క చెబితే విన్నాను" అన్నాడు.

ఇస్త్రీ అక్క బొగ్గులు విసురుతూ ఉంది. విషయం విని విసనకర్ర దించింది.

"నన్నడుగుతావేంటి బాబాయ్? నువ్వే కదా చెప్పావు."

"నేనా?"

"ఫలితాలొచ్చిన మర్నాడు. పరీక్షేమైందంటే, 'ఎవరూ పాస్ కాలేదంట అమ్మాయ్, నేనొక లెక్కా' అన్నావు. నవ్వావు కూడా."

అన్నాడు. ఇప్పుడు గుర్తొచ్చింది. కూతురు చెప్పిందే చెప్పాననుకున్నాడు. అబద్ధం ఎక్కడుంది? కొట్టుకి తిరిగొచ్చి చొక్కా ఒకటి ఒళ్లో పెట్టుకున్నాడు గానీ బుర్ర పని మీద లేదు.

భార్య లోపలికి తొంగిచూసి, "ఆ చొక్కా గుండీలు అయ్యాయా?" అంది.

"అన్నీ కుట్టలేదు."

ఆవిడ గుండీల డబ్బా, దారం ఉండ మోసుకొచ్చి పక్కన కూలబడింది. చొక్కా అందుకుని చూసి ముఖం చిట్లించింది. "కాలరు దగ్గరి గుండీ ఒక్కటే కదండీ మిగిలింది. అన్నీ కుట్టలేదంటే ఒక్కటీ కుట్టలేదేమో అనుకున్నాను. డబ్బా అంతా మోసుకొచ్చాను."

టైలరు చొక్కా కేసి చూశాడు. భార్య కేసి చూశాడు. "మళ్లీ అను" అన్నాడు.

"ఏం అనాలి?"

"అన్నీ కుట్టలేదు. అందరూ పాస్ కాలేదు."

కూతురు వచ్చేదాకా ఆగలేకపోయాడు. ఎదురెళ్లి కాలేజీ గేటు దగ్గరే పట్టుకున్నాడు.

"అందరూ పాస్ కాలేదన్నావు. ఎవరూ కాలేదనా, కొందరు కాలేదనా?"

ఆమెకి క్షణంలో అర్థమైంది. "ఆ వాక్యానికి రెండర్థాలున్నాయని నేనే పాఠం చెప్పాను నాన్నా."

"చెప్పావు. నేను ఏనుగుల దగ్గరే ఆగిపోయాను. ఇంతకీ తప్పిందెందరు?"

"ఇప్పుడెందుకు?"

"ఒక్కరా?"

ఆమె సంచీ పట్టీ సరిచేసుకుంది. సరిగ్గానే ఉన్నదాన్ని మళ్లీ సరిచేసుకుంది. "ఊఁ."

"పాసైనవాళ్లు పైచదువులకి ఊళ్లు దాటిపోయారు, మరి నువ్వైనా ఆ మాట అందరికీ చెప్పొచ్చుగా? క్లాసు నిలబడేది."

"చెబితే ఆ ఒక్కరెవరని అడగరా?"

ఇద్దరూ రోడ్డు దాటారు. దాటేటప్పుడు చిన్నప్పుడు పట్టుకున్నట్టు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

మర్నాడు కొట్టు తెరవగానే బయట తాడు మీద రెండు చొక్కాలు వేలాడదీశాడు. ఒకదానికి కాలరు గుండీ మాత్రం లేదు. రెండోదానికి అసలు గుండీలే లేవు, కాజాలు ఖాళీగా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. పక్కన తలుపు మీద సుద్దతో రాశాడు: 'గుండీలన్నీ కుట్టలేదు. ఏ చొక్కా?'

కాలేజీ పిల్లలు ముందు నవ్వడానికి ఆగారు. తర్వాత వాదించుకోవడానికి ఆగారు. ఇదే అని ఒకరు, అదే అని ఒకరు. రెండు జేబుల గుమాస్తా కూడా వచ్చి నిలబడి, "రెండిటికీ సరిపోతుందయ్యా" అన్నాడు, ఈసారి కోపం లేకుండా.

"సరిపోతుంది కదా" అన్నాడు టైలరు. "మేడం నాతో అన్న 'అందరూ పాస్ కాలేదు' కూడా ఇలాంటిదే. ఆవిడ అన్నది ఈ మొదటి చొక్కా. నేను విన్నది రెండోది. వీధికి చెప్పిందీ నేనే."

ఇస్త్రీ అక్క తల పట్టుకుంది. "అయితే పోయింది ఒక్క గుండీయేనా?"

"ఒక్కటే."

"ఆ గుండీ ఎవరు బాబాయ్?" అన్నాడు గుంపులోంచి ఒకడు.

వెనకాల భార్య గొంతు సవరించుకోవడం వినిపించింది. ఆవిడ కళ్లతోనే వద్దంటోంది. టైలరు టేపు మెడలోంచి తీసి, మళ్లీ వేసుకున్నాడు.

"ఇదిగో, మీ ముందే ఉన్నాను. ఈసారి మళ్లీ రాయించుకున్నాను. బెంచీలో పక్కన చోటుంది, ఎవరొస్తారు?"

శుక్రవారానికి బెంచీలు నిండాయి. ముందు బెంచీలో ఆయన పక్కన ఇద్దరు ఇరుక్కుని కూర్చున్నారు. మొదటి రోజే ఆయన చెయ్యెత్తి, ఏనుగుల సంగతి మరోసారి చెప్పమన్నాడు.

వీధిలో మాట అంత తేలిగ్గా చావదు. కన్నతండ్రిని కూడా వదల్లేదని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. అందులో 'కూడా' ఒక్కటే అబద్ధం. ఆ క్లాసులో తప్పింది ఆయన ఒక్కడే.