గడ్డి మందుకీ కుందేలుకీ మధ్య

2023 వానాకాలం మొదట్లో నేను ముదినేపల్లి దగ్గర ఒక పల్లెలో పశువైద్య సహాయకురాలిని. గేదెలకు టీకాలు, దూడలకు డీవార్మింగ్, అంటే కడుపులో పురుగులు పోయే మందు పట్టడం, ఇదీ నా పని. ఊళ్లో అందరూ డాక్టరమ్మా అంటారు. కాదండీ అని చెప్పీ చెప్పీ విసుగొచ్చి మానేశాను.

ఓ ఉదయం, చేపల చెరువుల కాపలాదారు నాగయ్య మావయ్య గేదెకు టీకా వేసి చేతులు కడుక్కుంటున్నాను. ఆయన గొంతు తగ్గించాడు.

"గట్టు మీద తెల్ల కుందేలొకటి తిరుగుతోందమ్మా. రేపు గట్టంతా గడ్డి మందు కొట్టిస్తారంట. అది తినేది ఆ గడ్డే కదా."

తెల్లగా ఉందంటే ఎవరో పెంచి వదిలేసిందే. ఎవరిదని అడిగితే మావయ్య అటూ ఇటూ చూసి చెప్పాడు. చెరువుల యజమాని ప్రసాద్ గారిదేనట. కూతురు ముచ్చటపడితే కొన్నారు, ఛార్జర్ వైర్లు కొరుకుతోందని తెచ్చి గట్టు మీద వదిలేశారు. వదిలిందీ ఆయనే, మందు కొట్టించేదీ ఆయనే! నాకు ఒళ్లు మండిపోయింది. వెంటనే ఫోన్ చేశాను.

"రెండు రోజులు ఆపండి సార్, దాన్ని పట్టుకుంటాను."

"మందు కొట్టేవాళ్లు మళ్లీ దొరకరమ్మా. అయినా పచ్చగడ్డి, చల్లగాలి, దానికేం, రాజాలా ఉంది. నువ్వు గేదెల సంగతి చూసుకో."

"గేదెల సంగతి చూసే వచ్చానండీ," అని పెట్టేశాను.

ఆ సాయంత్రం మావయ్య చేపలు పట్టే మనుషుల్ని లాగుడు వలతో సహా తీసుకొచ్చాడు. "లారీలకి లారీలు లాగేవాళ్లం, ఇదెంతమ్మా!" అంటూ వాళ్లు కేకలేసి తరిమి, వల విసిరేశారు. కుందేలు సగం వలలో చిక్కి గిలగిలా తన్నుకుంది. నేను అరుచుకుంటూ వెళ్లి వల ఎత్తేశాను. అది కాస్తా తుప్పల్లోకి దూరిపోయింది. "దొరికినదాన్ని వదిలేశావేంటి డాక్టరమ్మా!" అని ఒకటే నవ్వు. కుందేలు వెనక కాళ్లకు బలమెక్కువ, ఎముకలేమో పెళుసు. వలలో తన్నుకుంటే స్పైన్ ఫ్రాక్చర్, అంటే తన వెన్నుపూస తనే విరగ్గొట్టుకుంటుంది. అది చెప్పాక నవ్వు ఆగింది.

మర్నాడు పొద్దున్నే మందు ట్యాంకులు వీపున వేసుకుని మనుషులు దిగారు. నేను గట్టుకు అడ్డంగా బురదలో కూర్చున్నాను. ప్రసాద్ గారు బండి మీద వచ్చారు.

"ఉద్యోగం చేస్తున్నావా, గొడవలు పెడుతున్నావా?"

"రెండూ చేస్తున్నానండీ. ముందు నా మీద కొట్టించండి, తర్వాత గడ్డి మీద."

ఆయన మందువాళ్లకేసి చూసి, నాకేసి చూసి, "మధ్యాహ్నం దాకానే!" అని చెట్టు కింద నిలబడ్డారు.

మావయ్య నిన్నటి వలవాళ్లని మళ్లీ పిలుచుకొచ్చాడు. ఈసారి వల విసరొద్దన్నాను. గట్టుకు రెండు పక్కలా నీళ్లే, కుందేలు దూకదు. రెండు చివర్లా చెరో వలను దడిలా నిలబెట్టి పట్టుకోమన్నాను. చెరువులో చేపల్ని దగ్గరికి చేర్చినట్టే, పొడినేల మీద, నోరు మెదపకుండా నడవమన్నాను. వాళ్లు అలాగే నడిచారు. మధ్యలో అది ముడుచుకుని కూర్చుంది. తువ్వాలు కప్పి, వెనక కాళ్లు కదలకుండా అదిమి, గుండెలకు హత్తుకున్నాను. చెవుల నిండా పిడుదులు, పాదం కింద పుండు, చేతికి తగిలేవన్నీ ఎముకలే. రాజాలా ఉందట!

ప్రసాద్ గారు దగ్గరికొచ్చి చేతులు చాచారు. "సరేలే, ఇటివ్వు. పాప ఏడుస్తోంది."

"ఇవ్వనండీ."

"నా కుందేలమ్మా అది!"

"మీదైతే మీ ఇంట్లో ఉండేది. పాపని పంపండి, ఎత్తుకోవడం, మేపడం నేర్పుతాను."

పాప ఇప్పటికీ ఆదివారం ఆదివారం వస్తుంది. కుందేలు మా ఇంట్లోనే ఉంది, నా ఛార్జర్ వైర్లన్నీ దానికే అర్పణం. ఆ గట్టు మీద నాకు తెలిసొచ్చింది ఒక్కటే, మనం చేతులు దులుపుకుని దానికి స్వేచ్ఛ అని పేరు పెట్టుకుంటాం. ఇప్పుడెవరైనా పెంచుకున్నదాన్ని తెచ్చి, "గట్టు మీద వదిలేస్తాం డాక్టరమ్మా, గడ్డి ఉంటుందిగా," అంటే, "నాలుగు రోజులు మీరూ దాంతోపాటు అక్కడే ఉండండి. బాగుంటే వదిలేసి రండి," అంటున్నాను.

ఇంతవరకు ఒక్కరూ ఉండలేదు.