దయాకర్ సారు చీకటర్ర

దయాకర్ సారు చేతులు ఊరికే ఉండవు. సాలోళ్ల ఇంట్లో పుట్టినవాడు, బాపు మగ్గం మీద కూర్చున్నంతకాలం నూలు కండెలు చుట్టి ఇచ్చినవాడు. చిట్యాల అవతల హైవే పక్కనున్న మా హైస్కూలుకు భౌతికశాస్త్రం చెప్పడానికి వచ్చినప్పుడు ఆయన సంచిలో పుస్తకాలకన్నా దారపు ఉండలే ఎక్కువ. కండెలను దారాలకు వేలాడదీసి లోలకాలు చేసేవాడు. సైకిలు ట్యూబు సాగదీసి అలలు చూపించేవాడు. నేను తెలుగు చెప్పేవాణ్ణి, స్టాఫ్‌రూంలో నా పక్క కుర్చీ ఆయనది. "అన్నా, కండ్లతోని చూడనిదాన్ని పిల్లగాండ్లు ఎందుకు నమ్మాలె?" అనేవాడు.

ఒక ఏడు, విరిగిన బెంచీలు పడేసే అర్రను అడిగి తీసుకున్నాడు. రోడ్డువైపు కిటికీకి అట్టలు కొట్టి, సందుల్లో నల్లబట్ట కూరి, నడుమ ఒక బెజ్జం చేసి పాత కళ్లజోడు అద్దం అమర్చాడు. ఎదురుగా బాపు నేసిన తెల్లబట్టను చట్రానికి బిగించి ముందుకూ వెనక్కూ జరిపాడు. ఒకచోట హైవే మొత్తం బట్టమీద తేలింది, రంగులతో సహా, తలకిందులుగా. లారీలు చక్రాలు పైకెత్తుకొని జారిపోతుంటే, వాటి చప్పుడు మాత్రం మా వెనకనుంచి వచ్చేది.

"సార్, గేటు కాడ హెడ్మాస్టరు సారు గబ్బిలం లెక్క ఏలాడుతున్నడు," అంది పదో తరగతి హరిత.

"మెల్లగ అను. ఇనవడ్తది," అన్నాడు దయాకర్. అర్రంతా నవ్వు.

నవ్వు తగ్గాక చెప్పాడు. "దీన్ని నిజ ప్రతిబింబం అంటరు. అద్దంల కనవడేది మిథ్య, బట్టమీద పట్టేది నిజం. బయట మనిషి ఉంటెనే ఇక్కడ పడ్తది. లేని మనిషిది పడదు. యాదుంచుకోండ్రి."

ఆ మాటలు గుమ్మంలో నిలబడ్డ యాదమ్మ కూడా విన్నది. ఆమె బడిలో మధ్యాహ్న భోజనం వండేది. వడ్డన అయ్యాక, చల్లగుంటుందని ఆ అర్రలో కాసేపు కూర్చునేది. ఆమె భర్త గండయ్య అంతకుముందు ఎండకాలంలో, కల్వర్టు దగ్గర రోడ్డు దాటుతూ లారీ కింద పడి చనిపోయాడు.

కొన్నాళ్లకు యాదమ్మ పట్టపగలు, గరిటె చేతిలో ఉండగానే, హైవే మీదికి ఉరకడం మొదలుపెట్టింది. ఒకసారి బస్సు డ్రైవరు ఆమె మీదికి రాకుండా ఎట్లాగో ఆపి, నోటికొచ్చినట్టు తిట్టాడు. మరోసారి దయాకర్, నేను చెరో రెక్క పట్టుకొని లాక్కొచ్చాం.

"సచ్చిపోదమనుకున్నవా యాదమ్మా?" అన్నాడు దయాకర్.

"నేనెందుకు సస్త సారూ? కల్వర్టు కాడ మా ఆయన నిలవడ్డడు. దాటుదమని చూస్తున్నడు. నేను పొయ్యేసరికి ఉంటలేడు."

"దారిన పోయెటోడు ఎవరో అయ్యుంటడు."

"బట్టమీద తలకిందులైతె మాత్రం నా పెనిమిటిని పోల్చుకోనా? భుజం మీద నూలు మూట, ఎడమకాలు ఈడ్సుడు. అయినా నిజమని నువ్వే అంటివి. లేనోనిది పడదని నువ్వే అంటివి."

పాఠంలో 'నిజ' అంటే అర్థం వేరని చెప్పబోయాడు దయాకర్. ఎటు తిప్పి చెప్పినా ఆమె ముందు అది అబద్ధంలాగే వినిపించింది.

మర్నాడు ఎండ నడినెత్తికి వచ్చే వేళకు ఆయనే కల్వర్టు దగ్గరికి పోయాడు. తను ఒక్కడే నిలబడితే బట్టమీద ఒక్కడే కనపడతాడు, ఆమె కళ్లారా చూస్తుంది, ఇక రోడ్డెక్కదు అని ఆయన లెక్క. నేను అర్రలో యాదమ్మ పక్కన కూర్చున్నాను. కళ్లు చీకటికి అలవాటుపడ్డాక, నీలిచొక్కా వేసుకున్న దయాకర్ బట్టమీద వేలాడుతూ కనిపించాడు. ఫోను మోగింది.

"అన్నా, కనవడ్తున్ననా?"

"కనపడుతున్నవ్."

"ఒక్కన్నే గద?"

తలుపు సందులోంచి గాలి వచ్చి బట్ట అల్లాడింది. రోడ్డు, కరెంటు స్తంభాలు, దయాకర్ అన్నీ నీళ్లలో ఉన్నట్టు ఊగినయి. ఆయన పక్కన మూటతో నిలబడ్డ మనిషి ఊగలేదు.

"అన్నా?"

"నీ పక్కకు చూడు."

దయాకర్ తల అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఎవ్వలు లేరే," అన్నది ఫోనులో గొంతు. ఆ మనిషి కూడా అటూ ఇటూ చూశాడు, బండ్లకోసం. ఒక కాలు రోడ్డుమీద పెట్టాడు.

"జర ఆగయ్యా," అంది యాదమ్మ, ఇంట్లో పక్కనున్నవాళ్లతో అన్నట్టు. "లారీ వస్తాంది."

ఆ కాలు వెనక్కి పోయింది.

నేను చూసింది చెప్తే దయాకర్ వాదించలేదు. ప్లైవుడ్ ముక్క, సుత్తి తెచ్చి బెజ్జం మూయబోయాడు. యాదమ్మ కిటికీకి అడ్డం నిలబడింది.

"నువ్వు మూసినవనుకో, నేను మళ్ల రోడ్డు మీదికి పోయే చెప్పాలె. ఇక్కడికెల్లి చెప్తె ఇంటున్నడు గద సారూ."

"ఇది ఉంటె రోడ్డెక్కవా?"

"ఎందుకెక్కుత?"

ఆయన సుత్తి కింద పెట్టాడు. ఆమె మళ్లీ హైవే మీదికి పోలేదు.

దయాకర్ భార్య రోజారమణికి జడ్చర్లలో ఉద్యోగం. భార్యాభర్తల బదిలీలు పడ్డప్పుడు ఈయన దరఖాస్తు పెట్టుకోలేదు. "నాకన్న నీకు ఆ చీకటర్రనే ఎక్కువాయె," అని ఆమె ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. ఎండకాలం సెలవుల్లో బడికి తాళం పడుతుంది, పొయ్యి వెలగదు. అయినా ఆయన రోజూ నల్లగొండ నుంచి బస్సులో వచ్చి అర్ర తెరుస్తాడు. రిటైరైన నేను అప్పుడప్పుడు అటు పోతుంటాను. యాదమ్మ బట్టకు ఎదురుగా పీటమీద కూర్చొని ఉంటుంది. దయాకర్ మాత్రం బట్టదిక్కు చూడడు. దానికి వీపు పెట్టి, తలుపుకు అడ్డంగా కూర్చుంటాడు. లారీ చప్పుడు దగ్గరైనప్పుడల్లా ఆయన భుజాలు బిగుసుకుంటాయి. వెనకనుంచి "జర ఆగయ్యా" అని ఆమె మాట వినపడ్డాకనే వదులవుతాయి.