బాలమణి మోచేతి నరం

పన్నెండేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పేవాళ్లు ఒక్కొక్కరే లేస్తారు. నేను లేవను. నేరేడ్‌మెట్‌లో మా ఇంట్లోవాళ్లకు తెలియదు. కాలేజీలో నా దగ్గర చదువుకునే పిల్లలకు తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టేనేమో, మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నేను కుష్ఠువ్యాధి మీద పరిశోధన చేస్తున్నాను. సికింద్రాబాద్‌లోని ఒక ఆస్పత్రిలో రోగుల రక్తం తీసుకుని, అందులోని రక్షణ కణాలు ఆ సూక్ష్మజీవిని ఎలా ఎదుర్కొంటున్నాయో చూడటం నా పని. ఆ సూక్ష్మజీవి చప్పుడు లేకుండా నరాల్లో దాక్కుంటుంది. మందులు మొదలయ్యాక కొందరిలో, అంతవరకు ఊరుకున్న కణాలు ఒక్కసారిగా దాని మీద పడతాయి. ఆ దాడికి నరమే వాచిపోతుంది. వెంటనే స్టెరాయిడ్ ఇచ్చి కణాలను అణచాలి. ఆలస్యమైతే వేళ్లు వంకరపోతాయి. ఇదంతా నాకు బాగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

బాలమణి రెజిమెంటల్ బజార్‌లో జాకెట్లు కుట్టేది. నలభై ఏళ్లుంటాయి. మందులు మొదలుపెట్టిన రోజున నా పరిశోధనకు రక్తం ఇచ్చింది. రెండు నెలల తర్వాత ఒక ఉదయం నేరుగా నా గదికే వచ్చింది. డాక్టరు గారి దగ్గర లైను పెద్దదిగా ఉందట.

"మేడం, జెర ఈ చెయ్యి చూడుర్రి. మచ్చ ఎర్రగైంది. మోచెయ్యి కాడ కరెంటు కొట్టినట్టు గుంజుతున్నది. చిటికెనవేలు సుత తిమ్మిరెక్కుతున్నది."

మోచేతి వెనక నరాన్ని తాకాను. తాడులా తగిలింది. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

ఇటువంటి రోగి కోసమే నేను రెండేళ్లుగా ఎదురుచూస్తున్నాను. కణాలు దాడి చేస్తుండగా, స్టెరాయిడ్ పడకముందే తీసిన రక్తం కావాలి. అది తాజాగా ఉండాలి. కానీ కణాలను లెక్కపెట్టే యంత్రం పాడై ఉంది. బాగుచేయడానికి పది రోజులు పడుతుందన్నారు. ఆమెను పక్క గదిలోని డాక్టరు గారి దగ్గరికి పంపితే ఆ రోజే స్టెరాయిడ్ మొదలుపెడతారు. పక్క గదే. పది అడుగులు కూడా లేవు.

"మందులు పనిచేస్తుంటే ఇట్లనే ఉంటుందమ్మా. పది రోజులాగి రండి. రక్తం తీసుకుని, అప్పుడు డాక్టర్ గారికి చూపిద్దాం," అన్నాను.

"ఫికర్ ఏం లేదు గద మేడం?"

"ఏం లేదు."

ఆ రోజు నేను ఎవరిని? ప్రతి రాత్రి మోకరించి ప్రార్థన చేసే మనిషినే. పది రోజుల్లో ఏమవుతుందిలే అనుకున్నానా, లేక ఏమవుతుందో తెలిసి, అది నా చెయ్యి కాదు కదా అనుకున్నానా? ఎన్నిసార్లు అడిగినా జవాబు రెండోదే వస్తుంది.

పది రోజులకు వచ్చింది. ఉంగరపువేలు, చిటికెనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయి ఉన్నాయి. రెండో చేత్తో వాటిని చాపి చూపించింది. వదలగానే మళ్లీ ముడుచుకున్నాయి. నేను ముందు రక్తం తీసుకున్నాను. ఆ తర్వాతే డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లాను.

"ఇన్ని రోజులు ఏం చేసినవమ్మా? నొప్పి షురూ అయిన రోజే రమ్మని చెప్పినం కదా," అని ఆయన కోప్పడ్డారు.

బాలమణి నా వైపు చూసింది. నేను రక్తం గొట్టం మీద తారీఖు రాసుకుంటూ ఉండిపోయాను.

"పెండ్లిళ్ల దినాలు సార్. కుట్టుపని మస్తుండె," అంది.

'రోగి ఆలస్యంగా వచ్చింది' అని ఆయన కాగితం మీద రాసుకున్నారు. నేను పక్కనే నిలబడి చదివాను.

స్టెరాయిడ్‌తో నొప్పి తగ్గింది. వేళ్లు మాత్రం తిన్నగా కాలేదు. ఆమె రక్తంతో నా పరిశోధన నిలబడింది, మెచ్చుకున్నారు, నాకు ఉద్యోగం వచ్చింది. ఆమె కుట్టుమిషను అమ్మేసింది.

పోయిన నెలలో రెజిమెంటల్ బజార్‌కు వెళ్లాను. బాలమణి తన చెల్లెలి దుకాణంలో లైనింగు బట్ట అమ్ముతోంది. నన్ను గుర్తుపట్టి స్టూలు జరిపింది. నేను కూర్చోలేదు. ఆ మొదటి రోజే ఆమె చేతికి ఏమవుతోందో నాకు తెలుసని, నా పని కోసమే పది రోజులు ఆపానని చెప్పాను. మాటలు కూడదీసుకుంటూ చెప్పాను.

ఆమె చేతిలో ఉన్న బట్ట మడత పెట్టడం ఆపలేదు.

"గిప్పుడెందుకు చెప్తున్నరు మేడం?"

"చెప్పకుండా ఉండలేకపోయాను."

"మీకు చెప్పాలనిపించింది, చెప్పిన్రు. నన్నేం చెయ్యమంటరు?"

ఇంతలో ఎవరో వచ్చి నల్లరంగు లైనింగు అడిగారు. ఆమె అటు తిరిగింది. కాసేపు నిలబడ్డాను. ఆమె మళ్లీ నా వైపు చూడలేదు.

బయటికి వచ్చి ఆటో ఎక్కాను. మీ దగ్గర దాచడమెందుకు, గుండె తేలికైంది. ఆమెకు ఒక్క వేలూ తిరిగి రాలేదు, నాకు మాత్రం ఊపిరి ఆడింది. అది కూడా నేను ఆమె దగ్గర తీసుకున్నదే.