మా కాలనీ గాలి బాగుపడిన విధం

కిందటేడాది బహదూర్‌పల్లిలో మా కాలనీ గేటు పక్కన ఒక తెల్ల పెట్టె బిగించారు. జాతీయ శాస్త్ర పరిశోధన సంస్థ కొత్తగా తయారుచేసిన యంత్రమట. గాలిలో దుమ్మూ పొగా ఎంతున్నాయో కనిపెట్టి, తెర మీద రంగుల్లో చూపిస్తుంది. శాలువాలు, సమోసాలు అయ్యాక, కాలనీ సంఘం అధ్యక్షుడు సైన్స్ మన గుమ్మంలోకి వచ్చిందని ఉపన్యసించి చప్పట్లు కొట్టించుకున్నాడు. ఆయనది ప్లాట్లు అమ్మే వ్యాపారం.

మర్నాడు పొద్దున్నే తెర ఎర్రబడింది. కంకర టిప్పర్లన్నీ గేటు ముందు నుంచే పోతాయి మరి. ఆ సంగతి మా అత్తమ్మ ఊపిరితిత్తులు ఏ యంత్రమూ లేకుండానే ఎప్పుడో కనిపెట్టాయి. అధ్యక్షుడు మాత్రం కంగారుపడ్డాడు. ప్లాటు చూడటానికి కారులో వచ్చిన దంపతులు ఆ తెర చూసి, అద్దాలు పైకెత్తుకుని అటునుంచి అటే వెళ్లిపోయారు.

ఆదివారం మీటింగు పెట్టారు. టిప్పర్ల మీద టార్పాలిన్ కప్పించాలని, రోడ్డు తడిపించాలని అడుగుదామన్నాను.

"టిప్పర్ల జోలికి మనమెందుకు టీచరమ్మా? గా మిషినే గలత్ జాగల వెట్టిన్రు," అన్నాడు అధ్యక్షుడు.

"మరి మనం ఏ జాగల ఉన్నట్టు?" అన్నాను.

అందరూ నవ్వారు. నవ్వినవాళ్లే చేతులెత్తి ఆయన మాట నెగ్గించారు.

భద్రత కోసమని సంస్థకు చెప్పి, పెట్టెను పార్కు వెనక చెట్ల మధ్యకు, నీళ్లు చిమ్మే గొట్టాల పక్కకు మార్చారు. సంస్థ నుంచి ఎవరూ వచ్చి చూడలేదు. తెర ఆకుపచ్చగా మారింది. కొన్నాళ్లకు పేపర్లో వార్త: నగర శివారు కాలనీలో గాలి మెరుగైందట, ప్రజల చైతన్యమే కారణమట. పక్కన అధ్యక్షుడి ఫొటో. అత్తమ్మకు చదివి వినిపించాను.

దగ్గు ఆగాక, "అయితే నేను దగ్గుతలేనా బిడ్డా ఇగ?" అంది.

ఒళ్లు మండి సంస్థకు ఫోన్ చేశాను. అవతలాయన ఓపిగ్గానే విన్నాడు.

"పరేషాన్ గాకుండ్రమ్మా. మీ కాడ గాలి మస్తుగున్నది. లెక్కలు నా ముంగటనే ఉన్నయి."

"ఒక్కసారి వచ్చి సూడుండ్రి సార్," అన్నాను. అప్పుడే కిటికీ కింద నుంచి టిప్పర్ పోయింది. ఆ మోతలో నా మాట నాకే వినిపించలేదు. అది తగ్గేసరికి ఆయన ఫోన్ పెట్టేశాడు.

చివరికి అత్తమ్మను షామీర్‌పేటలో మా ఆడపడుచు ఇంట్లో దింపి వచ్చాను. అక్కడ దగ్గు చాలా తగ్గింది, రాత్రిళ్లు నిద్రపోతోందట. నేను మాత్రం ఇక్కడే, పేపరెక్కిన స్వచ్ఛమైన గాలిలో, ముక్కుకు మాస్కు కట్టుకుని బట్టలు ఆరేసుకుంటున్నాను.