కుడి దిక్కు స్టీరింగ్ ఉన్న జర్మన్ వ్యాను

నలభై ఏడేండ్ల మనిషికి బొమ్మ వ్యాను పిచ్చేందని అడిగేటోళ్లకు ముందే చెప్తున్న. యుద్ధం తర్వాత జర్మనీలో తయారైన ఆ గుండ్రటి మొహం వ్యానును మా బాపు ఒక మిషన్ దవాఖానకు ఇరవై ఏండ్లు నడిపిండు. దవాఖాన పాత ఫోటోల్లో డాక్టర్లున్నరు, దాతలున్నరు, వ్యాను కూడా మెరుస్తున్నది. నడిపినోడు ఒక్కడే లేడు. ఆ కోపంతోనే దాని నమూనా ఒకటి ఇంట్లో పెట్టుకోవాలని ఏండ్లుగా వెతుకుతున్న.

పోయిన గురువారం పొద్దున ఆరింటికి లాల్‌దర్వాజాలో ఆటో ఎక్కి, వంద రూపాయలకు పాత సామాన్లు అమ్మే జుమ్మేరాత్ బజారులో దిగిన. పాత గడియారాల నడుమ, గోనెపట్టా మీద, అరచేతిలో పట్టేంత వ్యాను. నీలం, తెలుపు. బేరం కూడా చెయ్యకుండ మూడు వందలిచ్చిన. ఊడిన స్టీరింగ్ లోపల గలగలమంటున్నది. నమూనాలు సేకరించేటోళ్ల గ్రూపులో ఫోటో పెడితే ఒక పెద్దమనిషి, "జర్మన్ బండికి స్టీరింగ్ ఎడమ దిక్కుంటది, అక్కడే అతికియ్యి, లేకుంటే దానికి విలువ లేదు" అని తీర్పు చెప్పిండు.

పదకొండింటికి లాడ్ బజార్ తెరవంగనే, లక్క గాజులు చేసే సలీం భాయ్‌కి, స్టీరింగ్ లక్కతో అతికియ్యమని వ్యాను అప్పజెప్పి చాయ్‌కి పోయిన. వచ్చేసరికి స్టీరింగ్ అతికిచ్చిండు. కుడి దిక్కు.

"ఏంది భాయ్, సత్యనాశ్ చేసినవ్. ఎడమ దిక్కు ఉండాలె."

"ఎవరు నడిపిన్రు సాబ్ దీన్ని?"

"మా బాపు. ఈ ఊర్లనే."

"మరి బాపు ఏ దిక్కు కూసుంటుండె?"

బాపు మోచెయ్యి కుడి కిటికీ బయట ఉండేది. పక్కన ఎడమ సీటు చిన్నప్పుడు నాది. ఫోటోల్లో ఆయన లేడని ఊరంత లొల్లి చేసే నేను, ఆయన్ని ఆయన సీట్లోంచే లేపబోయిన.

"లక్క ఇంక మెత్తగనే ఉంది, మార్చాల్నా?" అని పట్టుకునే చిమటా ఎత్తిండు సలీం భాయ్.

"ముట్టుకోకు భాయ్."

చార్మినార్ దాకా చిన్నపిల్లగాని లెక్క నడిచిన, వ్యాను చేతిలోనే. విలువ పోయిందట. ఎవరి విలువ? డబ్బా విప్పకుండ అద్దాల బీరువాలో దాచేటోళ్లదా, గేరు మార్చి మార్చి అరచెయ్యి కాయలు కాసినోళ్లదా? నాకైతే బాపు సీటు దొరికింది.

మీరూ ఆ గురువారం బజారుకు పోయేదుంటే పొద్దున ఆరింటికే పోండి, తొమ్మిది దాటితే మంచి సరుకు మిగలదు. లక్కతో అతికిచ్చుకుంటే మాత్రం ఎండ తగలనియ్యకండి, మెత్తబడుతది. నేను కిటికీకి దూరంగా పెట్టిన. మా బాపు కూడా నీడ చూసుకునే బండి ఆపేటోడు.