రోడ్డు మీద వండిన కంపెనీ పాయసం

ఆ రోజుల్లో మా జనగామ ప్రాంతంలో రోడ్డు ప్రయాణానికే కాదు, వంటకూ పనికివచ్చేది. ప్రత్యేక రాష్ట్రం కోసం వంటావార్పుకు పిలుపు వస్తే చాలు, హైవే నడుమ రాళ్ల పొయ్యిలు వెలిసేవి. బండ్లన్నీ ఆపి, అక్కడే వండి, అక్కడే తిని, జనం తమ పట్టుదలను పాలకులకు తెలియజేసేవారు. (తేదీ వేసి దినచర్య రాయడం నా పాత జబ్బు. ఈ సంగతి తేదీ కూడా నా దగ్గరుంది. పాయసానికి దానితో పనిలేదు కనుక వదిలేస్తున్నాను.) నేనప్పుడు పేరున్న ఒక సేమ్యా పాయసం కంపెనీ ప్రచార వ్యానులో తాత్కాలిక ఉద్యోగిని. ఊరూరా ఆగి, పాకెట్టు విప్పి పాలలో పోసి, అది ఉడికేలోగా కంపెనీ చరిత్ర అప్పజెప్పడం నా పని. యజమాని తల్లి ఇత్తడి గిన్నెలో వండిన తొలి పాయసం, దాన్ని మెచ్చిన పెళ్లివారు, తర్వాత లేచిన కార్ఖానా, రేడియోలో మోగిన ప్రకటన, అన్నీ వాళ్లు రాసిచ్చిన కోస్తా పలుకులో పొల్లుపోకుండా చెప్పాలి. నన్ను ఖాయం చేయాలో, ఇంటికి పంపాలో తేల్చడానికి వచ్చిన సూపర్‌వైజరు సారు ఆనాడు నా పక్క సీట్లోనే ఉన్నారు.

మహబూబాబాద్ వెళ్లాల్సిన మా వ్యాను రఘునాథపల్లి దగ్గర వంటావార్పులో చిక్కుకుంది. అన్నం ఉడుకుతున్న పెద్ద గంజు దగ్గర గంటె పట్టుకుని నిలబడ్డ మనిషిని చూసి నేను సీట్లో కిందికి జారాను. ఆమె మా మేనత్త.

“మా అల్లుడేనా? దిగు బిడ్డా! గంత పెద్ద పాయసం బొమ్మ ఏసుకోని తిరుగుతున్నవ్, మాకు జర తీపి పెట్టవా?”

“అత్తా, నా నౌకరీ పోతది.”

“ఏడికి పోతది? రోడ్డే బందున్నది!”

సారు జనాన్ని వ్యాపారి కళ్లతో చూశారు. “ఇంతమంది ఒక్కచోట మళ్లీ దొరకరయ్యా. వండెయ్. చరిత్ర మాత్రం వదలొద్దు.”

ఊళ్లోంచి పాలు వచ్చాయి. కట్టెల పొయ్యి మీద గంజు పెట్టి పాకెట్లన్నీ పోశాను. కలిపే పనే లేదన్నది మా కంపెనీ గొప్ప. చేతులు కట్టుకుని మొదలుపెట్టాను.

“అమ్మలారా, మా పాయసం వెనక ఒక తల్లి కథ ఉందండీ…”

“మా అన్న కొడుకువేనార నువ్వు?” అంది అత్త. “పాయసం మాడినా తింటం గని, గా కిరాయి మాట మాకొద్దు.”

“టేపు మార్చు తమ్మీ!” అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఒకపక్క ఉద్యోగం, ఒకపక్క మేనత్త. సారు ముఖంలో ఏ భావమూ లేదు. కళ్లు మూసుకుని అందుకున్నాను.

“ఏందంటే అక్కా, ఒక అవ్వ ఉండె. ఇంట్ల లగ్గం. ఇత్తడి గంజుల పాలు పోసింది…”

“లగ్గానికి యాట కొయ్యలేదా?”

“కోసిండ్రు. పాయసం ఆ తర్వాత!”

(కంపెనీ శుద్ధ శాకాహారుల కుటుంబానిది.) వాళ్లు అడిగారు, నేను కల్పించాను. కథ కార్ఖానా దాకా వచ్చేసరికి మాడు వాసన కమ్ముకుంది.

“అల్లుడా, చరిత్ర తర్వాత! అడుగంటింది చూడు!”

అయినా ఆ పాయసాన్ని ఎవరూ వదల్లేదు. సారు కూడా విస్తరాకు పట్టుకుని బంతిలో కూర్చుని, మారు వడ్డించుకుని తిన్నారు. పొద్దు వాలాక రోడ్డు తెరిచారు. వ్యాను కదిలాక ఆయన అడిగారు.

“మన కంపెనీ చరిత్రలో యాట ఎక్కడిదయ్యా?”

“వాళ్లే అడిగారండీ.” (చూశారా, భయానికి నా నోట మళ్లీ కిరాయి మాటే వచ్చింది.)

ఆయన కిటికీ వైపు తిరిగారు. “రేపు మహబూబాబాద్‌లోనూ ఇలాగే చెప్పు. కాకపోతే కలుపుతూ చెప్పు.”

నా ఉద్యోగం ఖాయమైన తీరు అది. రాష్ట్రం వచ్చింది. అత్త ఈ లోకం విడిచి వెళ్లిపోయింది. ఆ కంపెనీ ప్రకటన ఇప్పుడు టీవీలో మా యాసే మాట్లాడుతోంది, కొత్త చెప్పుల్లా కాస్త కరుస్తూ. అప్పుడప్పుడు ఆ పాకెట్టు తెచ్చి ఇంట్లో నేనే వండుతాను. “కలుపుతనే ఉండాలని ఇప్పుడు దాని మీదనే రాసిండ్రు గదా, మళ్ల మాడగొట్టిండ్రా?” అంటుంది మా ఆవిడ. గిన్నె అడుగు గీకి తినే వంతు మాత్రం ఎవరికీ ఇవ్వను.