పలకలా, పడవా?

ఒడిశాలోని గోపాలపూర్ ఒడ్డున పైడయ్య పడవ పలకలు పలకలుగా పడి ఉంది. అది మేకులతో చేసిన పడవ కాదు, కొబ్బరితాడుతో కుట్టిన పడవ. ఏడాదికోసారి కుట్లు విప్పి, చెడిన పలక మార్చి, మళ్లీ కుట్టుకోవాలి. ఆ పనికి ఇద్దరు కావాలి. ఒకడు బయట, ఒకడు లోపల కూర్చుని తాడు అందించుకుంటూ బిగించాలి. లోపల కూర్చునే తమ్ముడు నిరుడు పోయాడు. పని తెలిసిన కుర్రాళ్లు పారాదీప్ రేవులో పనికి వెళ్లిపోయారు.

కుట్టుపని పట్టని కొడుకు ప్రకాష్ ఆర్యపల్లిలో ఒక ఫైబర్ బోటు చూసొచ్చాడు.

"తయారుగుంది నానా. ఇంజనుతో సహా ఇస్తాడట. తోసుకుని ఎల్లిపోడమే."

పైడయ్య ఆ బోటుకు పెట్టని వంక లేదు. రంగు బాగులేదన్నాడు. ఎండకు కాలుతుందన్నాడు. దాని వాసన చేపలకు పడదన్నాడు. చేపల్ని ఎప్పుడు అడిగాడో చెప్పలేదు. అసలు సంగతి వేరే. పాత పడవలో వెనక నిలబడి పెద్ద తెడ్డు పట్టేది అతనే. ఫైబర్ బోటులో ఆ చోట ఇంజను ఉంటుంది, ఇంజను దగ్గర ప్రకాష్ ఉంటాడు. అరవై దాటిన మనిషిని ఇక ఇంటిపట్టున ఉండమంటారు. ఆ భయం అతన్ని తినేస్తోంది. పైకి మాత్రం రంగు గురించే మాట్లాడుతున్నాడు.

"లోపల నాను కూకుంతాను," అంది భార్య చిట్టమ్మ.

పక్కన వలలు బాగుచేస్తున్నవాళ్ల చేతులు ఆగిపోయాయి. ఆడది పడవ ఎక్కకూడదు. ఎక్కితే గంగమ్మ తల్లి ఊరుకోదు.

"ఇది పడవేటి? పలకలు! పలకల మీద కూకుంతే ఎవులికేటి?" అంది చిట్టమ్మ.

తగువు కులపెద్ద గంగన్న దగ్గరికి వెళ్లింది. ఆయన వచ్చి పలకల చుట్టూ తిరిగాడు. ఒకదాన్ని కాలితో కదిపి చూశాడు.

"ఆఖరి ముడి పడీదాకా పలకలే. పడితే పడవ. అంతకు ముందే దిగిపోవాల. ఠిక్?"

పని మొదలైంది. తమ్ముడికన్నా చిట్టమ్మే గట్టిగా లాగుతోంది. పైడయ్య ఆ సంగతి గమనించాడు, మెచ్చుకోలేదు. అంచు లేచేకొద్దీ ఆవిడ కనబడటం తగ్గింది. చివరికి కొప్పొక్కటే మిగిలింది.

ఆఖరి ముడి రోజున గంగన్న స్వయంగా వచ్చి నిలబడ్డాడు.

"ఓలే, దిగు," అన్నాడు పైడయ్య.

చిట్టమ్మ దిగలేదు. నడిచి పడవ వెనక కొసకు వెళ్లింది.

"నువ్వు నిలబడీ సోటు ఇదేనా మావా?"

"అదే."

ఆవిడ అక్కడ నిలబడి సముద్రం వైపు చూసింది.

"పెళ్లైనకాడినుంచి ఒడ్డున నిలబడి, పేనాలు అరసేతిలో ఎట్టుకుని సూసేను. నువ్వొస్తావో రావోనని. కూసింతసేపు ఇక్కడ నిలబడనీ."

ఏ ఒడ్డున మిగిలిపోతానని పైడయ్య ఇన్నాళ్లూ బెంగపడ్డాడో, ఆ ఒడ్డు మీదే ఈవిడ బతుకంతా గడిచిపోయింది. ఆ మాట అతనికి ఇంతవరకూ తట్టనే లేదు. సిగ్గేసింది.

చేతిలోని తాడు కొస వదిలేశాడు.

"పొద్దుపోనాది. ముడి రేపు కడతాను," అన్నాడు.

అప్పటికింకా ఉదయం పది కాలేదు. గంగన్న తలెత్తి సూర్యుణ్ణి ఒకసారి చూసి, ఇంటికి వెళ్లిపోయాడు.